రాయి మెరవాలంటే పక్కన చీకటి ఉండాలి

నగల ఫోటో సరిగ్గా రాలేదని నా దగ్గరికి తెచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే సమస్య. వెలుతురు మితిమీరి ఫోటో పాడై ఉంటుంది. నగని తెల్లటి లైట్‌బాక్స్‌లో పెట్టి, నాలుగు పక్కలా లైట్లు వేసి, ఎక్కడా నీడ లేకుండా తీస్తారు. బంగారం ఫర్వాలేదనిపిస్తుంది. వజ్రం మాత్రం అరిగిపోయిన సబ్బు ముక్కలా ఉంటుంది. అది చూసి ఇంకో లైటు కొంటారు. దాంతో రాయి ఇంకాస్త పాలిపోతుంది.

సాన పట్టిన రాయిలో ప్రతి ముఖమూ, అంటే చెక్కిన ప్రతి చదును పలకా, అద్దం పనే చేస్తుంది. గుండ్రటి బ్రిలియంట్ కట్ వజ్రానికి 57 ముఖాలుంటాయి, అడుగున మొనని కూడా చిన్న ముఖంగా సాన పడితే 58. పైనుంచి లోపలికి దిగిన వెలుతురు అడుగు ముఖానికి తగిలి, ఎదుటి ముఖం వైపు మళ్లి, మళ్లీ పైకే వస్తుంది. వజ్రం వక్రీభవన గుణకం, అంటే వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 2.42 కాబట్టి, లోపలి నుంచి వచ్చే కిరణం ముఖానికి నిటారుగా కాకుండా 24 డిగ్రీలకు కాస్త మించి పక్కకి వాలితే చాలు, బయటపడలేదు. మొత్తం వెనక్కి మళ్లాల్సిందే. కాబట్టి ఫోటోలో ఒక్కో ముఖంలో మీకు కనిపించేది గదిలో ఏదో ఒక చోటు. అక్కడ దీపం ఉంటే ముఖం వెలుగుతుంది. గోడ ఉంటే గోడ రంగు వస్తుంది. కెమెరా ఉంటే నల్లగా ఉంటుంది. చుట్టూ అంతా తెలుపే అయితే ముఖాలన్నీ తెలుపే, ఇక అందులో మెరిసేది ఏదీ ఉండదు. పక్క ముఖం నల్లగా ఉన్నప్పుడే ఈ ముఖం మెరిసిందని కన్ను ఒప్పుకుంటుంది.

బంగారం, వెండి దీనికి సరిగ్గా ఎదురు. నునుపైన వంపు కాబట్టి గది మొత్తాన్నీ తనలో చూపిస్తాయి. చిన్న దీపం పెడితే లోహం మీద మండుతున్న తెల్లటి చుక్క ఒకటి, చుట్టూ నలుపు. లోహానికి కావాల్సింది వెడల్పైన, మెత్తని వెలుతురు. రాయికి కావాల్సింది చిన్న, సూటి వెలుతురు. నగలో రెండూ అతుక్కుని ఉంటాయి, అదే ఈ పనిలో చిక్కంతా. ఈ రెండింటికీ విడివిడిగా వెలుతురు ఇవ్వడం వస్తే తక్కినవి చిల్లర సంగతులు.

ముందు జిడ్డు వదిలించాలి

శుభ్రం చెయ్యమంటే దుమ్ము దులపమని అనుకుంటారు. దుమ్ము సంగతి తర్వాత, అసలు శత్రువు రాయి అడుగున పేరుకున్న జిడ్డు. రోజూ పెట్టుకునే ఉంగరంలో క్రీము, సబ్బు, చర్మపు నూనె అన్నీ రాయి వెనక చేరతాయి. అడుగు ముఖానికి బయట గాలి ఉన్నప్పుడు వెలుతురు వెనక్కి మళ్లినంత బాగా నూనె పొర ఉన్నప్పుడు మళ్లదు, కొంత అటునుంచి అటే జారిపోతుంది. పైన ఎంత తుడిచినా రాయి మసకగా ఉందంటే కారణం అదే. అలాంటి రాయికి ఏ లైటు పెట్టినా దండగ.

వజ్రం, కెంపు, నీలం లాంటి గట్టి రాళ్లకి గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్, మెత్తని టూత్‌బ్రష్ చాలు. బ్రష్‌ని రాయి వెనక నుంచి, రాయిని పట్టి ఉంచే పట్టుకొమ్మల సందుల్లోంచి ఆడించండి. కడిగేటప్పుడు సింకు రంధ్రం మూసేయండి, లేదా గిన్నెలో కడగండి. వదులైన రాయి ఊడితే కనీసం గిన్నెలో దొరుకుతుంది. ఆరబెట్టడానికి హెయిర్ డ్రయ్యర్‌లో చల్లగాలి పెట్టండి. గుడ్డతో తుడిస్తే పోగులు పట్టుకొమ్మలకి చిక్కుకుంటాయి.

అన్ని రాళ్లకీ ఈ స్నానం పడదు. ముత్యాన్ని, పగడాన్ని కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి వదిలేయాలి. ముత్యాల దండ నానితే లోపలి దారం వదులవుతుంది. ఒపల్‌ని, టర్క్వాయిస్‌ని నానబెట్టకూడదు. పచ్చల్లో చాలావాటికి పగుళ్లు కనపడకుండా నూనె పట్టించి ఉంటారు. వేడినీళ్లు, అల్ట్రాసోనిక్ మెషీన్ తగిలితే ఆ నూనె బయటికొచ్చి, అప్పటిదాకా కనపడని గీతలు తెల్లగా తేలతాయి. రాయి వెనక రేకు పెట్టి మూసేసిన నగల్ని నీళ్ల దగ్గరికే తీసుకెళ్లొద్దు. నీరు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, ఆ రాయి ఇక కోలుకోదు. ఏ రాయో తెలియనప్పుడు పొడి మైక్రోఫైబర్ గుడ్డ, రబ్బరు బ్లోవర్‌తో సరిపెట్టుకోవడం మేలు.

కడిగాక వేళ్లు తగలకూడదు. కాటన్ గ్లోవ్స్ నాకు నచ్చవు, అవే నూలు రాలుస్తాయి. పౌడర్ లేని నైట్రైల్ గ్లోవ్స్ వాడతాను. దుమ్ము కనపడితే బ్లోవర్‌తో కొట్టాలి. నోటితో ఊదితే తుంపర పడి మొదటికొస్తుంది.

నిలబెట్టడం

ఉంగరం నిలబడాలంటే అడుగున చిటికెడు డెంటల్ వాక్స్ (పళ్ల డాక్టర్లు వాడే మైనం) గానీ బ్లూటాక్ (అతుక్కునే మెత్తని ముద్ద) గానీ పెట్టి నొక్కాలి. కెమెరా వైపు నుంచి అది కనపడకుండా ఉంగరానికి వెనక పక్కన పెట్టండి. ముత్యాలకీ ఒపల్‌కీ అది తగలనివ్వకండి. కమ్మలు, జూకాలు సన్నటి నైలాన్ దారానికి వేలాడదీసి తీస్తే సహజంగా ఉంటాయి, దారాన్ని తర్వాత ఎడిటింగ్‌లో చెరిపేయొచ్చు. కాకపోతే వేలాడేది ఊగుతుంది, ఫ్యాన్ ఆపి, అది పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. హారాన్ని నున్నగా పరచడం కంటే కాస్త వాలుగా ఉన్న అట్ట మీద పరిస్తే పతకం కెమెరా వైపు తిరుగుతుంది.

నేపథ్యానికి వెల్వెట్ గుడ్డ వద్దు. దుమ్మూ నూలూ పట్టేసుకుంటుంది, తర్వాత ఒక్కో చుక్కా చెరుపుతూ కూర్చోవాలి. మధ్యస్థంగా ఉండే బూడిదరంగు కాగితం నాకు అన్నిటికంటే ఇష్టం. తెలుపు మీద వజ్రం అంచులు కలిసిపోతాయి, నలుపు మీద నీలం లాంటి ముదురు రాయి మునిగిపోతుంది, బూడిదరంగు దేన్నీ మింగదు. నగ కింద ప్రతిబింబం కావాలంటే నల్ల అక్రిలిక్ షీటు పెట్టండి. అద్దం పెడితే పైపొర నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి, రెండు ప్రతిబింబాలొచ్చి చూపు చెదురుతుంది.

రెండు వెలుతుర్లు

మొదట లోహం పని చూడాలి. గది లైట్లన్నీ ఆర్పేయండి, కిటికీ మూసేయండి. నగకి పైన, కాస్త వెనక పక్కగా ఒక ఎల్ఈడీ ప్యానెల్ పెట్టి, దానికీ నగకీ మధ్య ట్రేసింగ్ పేపర్ గానీ బేకింగ్ కాగితం గానీ కట్టండి. కాగితం నగకి ఎంత దగ్గరుంటే వెలుతురు అంత వెడల్పై, అంత మెత్తనవుతుంది. ఫ్రేములోకి రాకుండా ఎంత దగ్గరికి వస్తే అంత దగ్గరికి దించండి. ముందు పక్క నీడ ఎక్కువైతే కెమెరా కింద తెల్లటి అట్ట ఒకటి ఆనించండి. ఇప్పుడు బంగారం మీద తెలుపు నుంచి పసుపులోకి, పసుపు నుంచి ముదురులోకి మెల్లగా జారే రంగు కనపడాలి. కనపడితే లోహం పని సగం అయినట్టు.

మిగతా సగం నల్ల అట్ట చేస్తుంది. చార్ట్ పేపర్‌ని రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, నగకి రెండు పక్కలా, ఫ్రేము బయట నిలబెట్టండి. గాజు అంచులోనో ఉంగరం వంపులోనో సన్నటి నల్ల గీత వస్తుంది. ఆ గీత రాగానే లోహానికి ఆకారం వస్తుంది, బరువు వస్తుంది. పట్టీని అర అంగుళం జరిపితే గీత ఎలా మారుతుందో చూస్తూ జరపండి. నేను ఎక్కువ సేపు గడిపేది ఈ అట్టముక్కలతోనే. ఖరీదైన లైటు కొందామా అని అడిగేవాళ్లకి ముందు రెండు రంగుల చార్ట్ పేపర్ కొనమంటాను.

ఇక రాయి. ఇప్పటిదాకా పెట్టిన మెత్తని వెలుతురులో రాయి నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపడానికి చిన్న టార్చ్ చాలు. ఒకే బల్బున్న చిన్న ఎల్ఈడీ టార్చ్ మంచిది, ఫోన్ ఫ్లాష్‌లైట్ కూడా పనికొస్తుంది. దూరం కనీసం చేయి చాపినంత ఉండాలి. దీపం ఎంత చిన్నదై, ఎంత దూరంగా ఉంటే తళుకు అంత పదునుగా ఉంటుంది. నగ మీదికి తెచ్చి పెడితే అదే పెద్ద దీపమైపోతుంది.

టార్చ్ ఎక్కడ పెట్టాలో లెక్క వేసి చెప్పలేం, వెతకాలి. లెన్స్ ఉన్న చోటే మీ కన్ను పెట్టి, రెండో కన్ను మూసి, టార్చ్‌ని మెల్లగా తిప్పండి. ఒక కన్ను ఎందుకు మూయాలంటే, రెండు కళ్లకీ వేర్వేరు ముఖాలు మెరుస్తాయి, మెదడు రెండింటినీ కలిపేసుకుని మురిసిపోతుంది. కెమెరాకి ఉన్నది ఒకటే కన్ను. కంటికి అంత బాగున్న రాయి ఫోటోలో ఎందుకు చప్పగా ఉందన్న ప్రశ్నకి సగం జవాబు ఇదే. ఇంకో సగం, మనం చూసేటప్పుడు తల కదులుతుంది, ఫోటోలో ఏదీ కదలదు. కదలికలో పుట్టే మెరుపుల్లో ఒక మంచి క్షణాన్ని మీరు ఏరుకోవాలి. కొన్ని ముఖాలు వెలిగి, కొన్ని బూడిదరంగులో ఉండి, కొన్ని నల్లగా మిగిలితే అదే ఆ క్షణం. అన్నీ వెలిగించాలన్న ఆశ వదులుకోండి.

టార్చ్ వెలుతురు లోహం మీద కూడా పడి చుక్కలు పెడుతుంది కదా అంటారా. దానికి రెండు దారులున్నాయి. తేలికైనది, పైన కట్టిన ట్రేసింగ్ పేపర్‌లో నాణెమంత రంధ్రం చేసి, ప్యానెల్‌ని కాస్త పక్కకి జరిపి, ఆ రంధ్రంలోంచి టార్చ్ రాయి మీద పడేలా చూడటం. లోహానికి కాగితం వెలుతురు, రాయికి రంధ్రం వెలుతురు. లోహం మీద అక్కడక్కడా చిన్న చుక్క పడినా చుట్టూ మెత్తని వెలుతురు ఉంటుంది కాబట్టి కంటికి గుచ్చుకోదు.

రెండోది శ్రమ ఎక్కువ, ఫలితం కూడా ఎక్కువ. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి, మెత్తని వెలుతురులో ఒక ఫోటో, ప్యానెల్ ఆర్పేసి టార్చ్‌తో మాత్రమే ఇంకో నాలుగైదు ఫోటోలు తీయండి, ప్రతిసారీ టార్చ్ చోటు మారుస్తూ. ఎడిటింగ్‌లో మొదటి ఫోటో మీద టార్చ్ ఫోటోని పొరగా పెట్టి, బ్లెండ్ మోడ్‌ని (పొరలు ఎలా కలవాలో చెప్పే సెట్టింగ్) లైటెన్‌కి మార్చండి. రెండింటిలో ఏది ఎక్కువ వెలుగుగా ఉంటే అదే పైకి వస్తుంది. తర్వాత మాస్క్ వేసి, అంటే తక్కిన భాగాన్ని కప్పేసి, రాళ్ల మీద మాత్రమే ఆ పొరని ఉంచండి. ఉన్న పొరలన్నీ కలిపేయొద్దు. ఒకటి, మహా అయితే రెండు. అన్నీ కలిపితే ముఖాలన్నీ వెలిగి మళ్లీ మొదటి జబ్బే తిరిగొస్తుంది.

తెల్లటి వెలుగుతో పాటు ఇంద్రధనుస్సు రంగులు కూడా కావాలంటే, అంటే నిప్పురవ్వల్లాంటి ఎరుపు, నీలం మెరుపులు కావాలంటే, మెత్తని వెలుతురు తగ్గించి గదిని బాగా చీకటి చేయాలి. పెద్ద వెలుతురులో రంగులు ఒకదాని మీద ఒకటి పడి మళ్లీ తెలుపైపోతాయి. లెన్స్ అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, కూడా మూయాలి. రాయి నుంచి విసనకర్రలా విచ్చుకుని వచ్చే రంగుల్లో వెడల్పైన లెన్స్ అన్నిటినీ కలిపి లాగేసుకుంటుంది, చిన్న రంధ్రం ఒక్క రంగుని కోసి తీసుకుంటుంది. 100 మిల్లీమీటర్ల లెన్స్‌కి ఎఫ్/2.8 దగ్గర రంధ్రం సుమారు 36 మిల్లీమీటర్లు, ఎఫ్/11 దగ్గర 9. తేడా మీరే చూడండి. అయితే ఈ గుణం అన్ని రాళ్లకీ సమానంగా ఉండదు. వజ్రానికి రంగుల్ని విడదీసే శక్తి 0.044, నీలం, కెంపులకి 0.018, పచ్చకి 0.014 మాత్రమే. వజ్రంలా కనిపించే మాయిసనైట్ అనే రాయికి 0.104. కాబట్టి పచ్చలో ఇంద్రధనుస్సు కోసం రాత్రంతా కూర్చోకండి, రాదు.

కెమెరా అయినా ఫోనైనా

కెమెరా ఉన్నవాళ్లకి 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని పెద్దగా తీసేది) సరిపోతుంది. దాని అసలు లాభం దూరం. లెన్స్ రాయికి మరీ దగ్గరైతే అదే నల్లటి నీడగా రాయిలో ప్రతిబింబిస్తుంది. గుండ్రటి వజ్రం మధ్యలో నల్లటి బాణాల్లా కనిపించేవి చాలావరకూ లెన్స్, దాని వెనకున్న మనిషి తల. కొంచెం ఉంటే అందమే, ముందే చెప్పానుగా నలుపు కావాలని. మధ్యంతా నల్లబడితే వెనక్కి జరగాలి.

ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందన) 100, ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్. షట్టర్ ఎంత నెమ్మదైనా ఫర్వాలేదు, నగ ఎక్కడికీ పోదు. అపర్చర్ దగ్గర మాత్రం ఆలోచించాలి. వస్తువు సెన్సార్ మీద అసలు సైజులోనే పడేంత దగ్గరగా తీస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు సుమారు 1 మిల్లీమీటర్. ఒక కారట్ గుండ్రటి వజ్రం వ్యాసం దాదాపు 6.5 మిల్లీమీటర్లు, ఉంగరం దానికంటే ఎంతో లోతు. లోతు కోసం ఎఫ్/22కి మూసేస్తే, అంత దగ్గరలో లెన్స్ నిజంగా ఎఫ్/44 లాగా పనిచేసి, ఫోటో మొత్తం మెత్తబడుతుంది. తళుకుకి పదునే ప్రాణం. అందుకే ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఉండి, ఫోకస్‌ని ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా తీసి, ఫోకస్ స్టాకింగ్‌తో, అంటే ఒక్కో ఫోటోలో స్పష్టంగా ఉన్న భాగాల్ని ఏరి, ఒకే ఫోటోగా కలపడం మంచి పద్ధతి. అంత ఓపిక లేకపోతే కాస్త దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోండి. దూరం పెరిగితే లోతు దానంతటదే పెరుగుతుంది. ఒకే ఫోటో అయితే ఫోకస్ రాయి పై అంచు మీద, దగ్గర పట్టుకొమ్మ మీద ఉండాలి.

ఫోన్‌లో మాక్రో మోడ్ ఆపేయండి. చాలా ఫోన్లలో అది అల్ట్రావైడ్ లెన్స్‌ని వాడుతుంది, రాయికి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, ఫోన్ నీడే రాయి మీద పడుతుంది, ఉంగరం ఆకారం కూడా వంకర పోతుంది. వెనక్కి జరిగి 2 రెట్లో 3 రెట్లో జూమ్‌లో తీయండి. స్క్రీన్ మీద రాయిని నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి, అప్పుడు వేలిని కిందికి లాగి వెలుతురు తగ్గించండి. మెరిసే ముఖాల్లో చిన్న చిన్నవి పూర్తిగా తెల్లబడినా తప్పు లేదు, రాయి సగం తెల్లబడితే తగ్గించాలి. హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపేయండి. వెలుగునీ చీకటినీ దగ్గరికి లాగడమే దాని పని, మనం ఇంత కష్టపడి తెచ్చింది ఆ రెండింటి మధ్య దూరాన్నే. ప్రో మోడ్‌లో రా ఫార్మాట్ (ఫోన్ మార్పులు చెయ్యని ముడి ఫైలు) ఉంటే అదే వాడండి. ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు. చెయ్యి కాస్త కదిలితే కోణం మారి, వెలిగిన ముఖం ఆరిపోతుంది.

నగ మీద మెరుపుని తగ్గిద్దామని లెన్స్‌కి పోలరైజర్ (కొన్ని ప్రతిబింబాల్ని తగ్గించే ఫిల్టర్) తగిలించేవాళ్లున్నారు. లోహం మీది ప్రతిబింబాన్ని అది తీసేయలేదు. రాయి పైభాగం మీది తెల్లటి మెరుపుని కొంత తీస్తుంది, రంగు బాగా కనపడుతుంది, కానీ తళుకు కూడా పోవచ్చు. టాంజనైట్, టూర్మలిన్ లాంటివాటికి పోలరైజర్ తిప్పుతుంటే రాయి రంగే మారుతుంది, ఎందుకంటే అవి ఒక్కో దిశలో ఒక్కో రంగు చూపించే రాళ్లు. సరదాగా చూడాల్సిందే తప్ప అమ్మకం ఫోటోకి పనికిరాదు.

రాయిని బట్టి మారేవి

నీలం, కెంపు, పచ్చ లాంటి రంగురాళ్లలో జనం చూసేది రంగు, తళుకు తర్వాత. పై పెద్ద ముఖంలో కాగితం ప్రతిబింబించి తెల్లటి పొరలా పరుచుకుంటే లోపలి రంగు కనపడదు. నగని రెండు మూడు డిగ్రీలు వంచండి, పొర తప్పుకుంటుంది. ముదురు నీలం మరీ నల్లగా వస్తుంటే టార్చ్‌ని లెన్స్ పక్కకి తెచ్చి చూడండి. పలచగా సాన పట్టిన రాళ్లలో మధ్యలో కిటికీలాగా అడుగు కనపడుతుంది. అలాంటి రాయి కింద ఏ రంగు కాగితం ఉంటే ఆ రంగు రాయిలోకి వస్తుంది, కాబట్టి తెలుపో లేత బూడిదో మాత్రమే వాడండి. వెనక వెండి రేకు ముక్క దాచి రాయిని వెలిగించే చిట్కా చాలామందికి తెలుసు. ప్రకటనకైతే మీ ఇష్టం, ఆ రాయినే అమ్మేటప్పుడు మాత్రం నేను చెయ్యను. కొన్నవాళ్ల చేతికి రేకు వెళ్లదు.

పచ్చలు తరచూ మెట్లమెట్లుగా సాన పట్టి ఉంటాయి. ముఖాలు పొడుగ్గా, వెడల్పుగా ఉంటాయి కాబట్టి చిన్న చుక్కలు కాకుండా పట్టీలుగా వెలుగుతాయి. టార్చ్ కంటే సన్నటి కాగితపు పట్టీ వెనక నుంచి వచ్చే వెలుతురు వీటికి బాగుంటుంది. పక్క నుంచి గట్టి వెలుతురు వేస్తే లోపలి పొరలు, పగుళ్లు బయటపడతాయి, అది కావాలంటే వేయండి.

ముత్యానికి ముఖాలు లేవు. ముత్యం మీద పడిన వెలుతురు అంచు ఎంత స్పష్టంగా ఉందో దాన్నిబట్టి దాని గొప్పతనం తెలుస్తుంది. అన్ని వైపులా మెత్తని వెలుతురు వేస్తే మంచి ముత్యం కూడా ప్లాస్టిక్ పూసే. ఒకే వైపు నుంచి, అంచు తెలిసే చిన్న సాఫ్ట్‌బాక్స్ (ముందు తెల్లటి గుడ్డ కట్టిన లైటు పెట్టె) పెట్టి, రెండో వైపు చీకటి వదిలేయండి. ముత్యంలో మీరూ కెమెరా కనపడతారు. దూరం జరిగి, తెల్లటి అట్టకి లెన్స్ పట్టేంత రంధ్రం చేసి దాని వెనక దాక్కోండి.

ఒపల్ రంగులు వేరే దారిన పుడతాయి. సుమారు 150 నుంచి 300 నానోమీటర్ల సిలికా గోళాలు లోపల వరసగా పేర్చి ఉండి వెలుతురుని రంగులుగా విడదీస్తాయి. అందుకే ఒకే గట్టి దీపం, నల్ల నేపథ్యం. దీపం అలాగే ఉంచి రాయిని తిప్పండి, ఎర్రటి మెరుపు ఎక్కువగా వచ్చే కోణం కోసం ఆగండి. నక్షత్రం చూపే నీలానికి, పిల్లికన్నులాంటి గీత చూపే వైడూర్యానికి కూడా ఒకే చుక్క వెలుతురు, సూటిగా పైనుంచి. రెండో దీపం పెడితే రెండో నక్షత్రం వస్తుంది. మెత్తని వెలుతురులో నక్షత్రమే ఉండదు.

రంగు

గదిలో ఒకే రకం వెలుతురు ఉండాలి. కిటికీ వెలుతురు, బల్బు కలిస్తే బంగారం ఒకవైపు నీలంగా, ఇంకోవైపు నారింజగా వస్తుంది, ఎడిటింగ్‌లో దాన్ని సరిచెయ్యడం నరకం. 5000 నుంచి 5600 కెల్విన్ ఎల్ఈడీ తీసుకుని, మొదటి ఫోటోలో నగ పక్కన గ్రే కార్డ్ (బూడిదరంగు అట్ట) పెట్టి తీసి, దాని మీద వైట్ బ్యాలెన్స్ సరిచేసి, అదే సెట్టింగ్‌ని అన్నిటికీ వాడండి. డబ్బా మీద సీఆర్ఐ (దీపం రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 అని ఉంటే మంచిదే, కానీ గాఢమైన ఎరుపుని విడిగా కొలిచే ఆర్9 విలువ కూడా అడగండి. సీఆర్ఐ సగటు లెక్కలో మొదటి 8 రంగులే ఉంటాయి, గాఢమైన ఎరుపు అందులో లేదు. ఆ ఎరుపు లేని దీపం కింద కెంపు గోధుమరంగులోకి, బంగారం ఆకుపచ్చలోకి జారుతుంది.

కెంపుకి ఇంకో పేచీ ఉంది. ఎరుపు ఛానెల్ ఒక్కటే నిండిపోయి, రాయి మొత్తం వివరం లేని ఎర్రటి మచ్చలా వస్తుంది. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలోని వెలుగు, చీకట్ల గ్రాఫ్) మూడు రంగుల్నీ విడివిడిగా చూసి, ఎరుపు కుడి గోడకి తగులుతుంటే ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఇనుము తక్కువున్న కెంపులు ఎండలో ఎందుకు అంత వెలుగుతాయంటే, అతినీలలోహిత కిరణాలకి అవి తామే ఎర్రగా వెలుగుతాయి. ఎల్ఈడీ కింద ఆ వెలుగు అంతగా రాకపోవచ్చు. అలెగ్జాండ్రైట్ అయితే పగటి వెలుతురులో ఆకుపచ్చ, పాత ఫిలమెంట్ బల్బు కింద ఊదా ఎరుపు. రెండు ఫోటోలూ తీసి పక్కపక్కన పెట్టడం తప్ప వేరే దారి లేదు.

ఎడిటింగ్‌లో దుమ్ము చెరపండి, నలుపుని కాస్త లోతు చేయండి, కాంట్రాస్ట్ కొద్దిగా పెంచండి. సాచురేషన్ (రంగుల గాఢత) జోలికి వెళ్లొద్దు. అసలు రాయి పక్కన పెట్టుకుని స్క్రీన్‌తో పోల్చి చూడండి. యాప్‌లో దొరికే నక్షత్రపు మెరుపుల స్టిక్కర్లు అతికించేవాళ్లకి ఒక మాట. నిజంగా మొనలు తిరిగిన నక్షత్రం కావాలంటే అపర్చర్‌ని ఎఫ్/16కి మూసి, టార్చ్‌తో ఒక అదనపు ఫోటో తీయండి. అపర్చర్ రెక్కలు సరి సంఖ్యలో ఉంటే రెక్కలెన్నో అన్నే మొనలు, బేసి సంఖ్యలో ఉంటే రెట్టింపు మొనలు వస్తాయి. ఆ ఫోటో నుంచి ఒక్క మెరుపుని తీసుకుంటే చాలు.

వీడియో తీసేటప్పుడు పని సులువు, ఎందుకంటే కదలిక మన చేతిలో ఉంది. నగని తిప్పే బదులు టార్చ్‌ని తిప్పి చూడండి. లోహం మీది వెలుతురు నిలకడగా ఉంటుంది, రాళ్లు మాత్రం ఒక్కొక్కటిగా వెలిగి ఆరతాయి. టర్న్‌టేబుల్ (తిరిగే పళ్లెం) వాడితే చాలా నెమ్మదిగా తిప్పండి, వేగం పెరిగితే మెరుపులన్నీ కలిసి మినుకుమినుకుమని చికాకు పెడతాయి. కొన్ని ఎల్ఈడీలు వీడియోలో అలలు అలలుగా కనపడతాయి. కరెంటు 50 హెర్ట్జ్ అయితే షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120 పెట్టండి.

సెటప్ విప్పే ముందు ఫోటోని పూర్తి సైజులో తెరిచి మూలమూలా చూడండి. పట్టుకొమ్మకి పోగు పట్టిందా, ఉంగరం లోపలి వంపులో మీ చొక్కా రంగు కనపడుతోందా, మైనం బయటికి తొంగి చూస్తోందా అని వెతకండి. అంతా బాగుంటే నగని తీసి, మైనం అంటిన చోటు తుడిచి, కమ్మల శీలలు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని డబ్బాలో పెట్టేయండి.